సుగుణ పెండ్లికి మోసుకెళ్లిన మాటల పెట్టె

నిజామాబాద్: పసుపు గాలి

బాపట్ల నుంచి వెళ్లినవాళ్లకు నిజామాబాద్ మొదట ముక్కుకు తెలుస్తుంది. స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కానో లేదో వరసగా తుమ్ములు. మార్కెట్ యార్డుకు పసుపు దిగుతున్న రోజులవి. ఆ పక్కగా పోతుంటే గేటులోంచి పసుపు కొమ్ముల కుప్పలు కనబడ్డాయి. హమాలీల చొక్కాలు, చేతులు, చివరికి కనుబొమలు కూడా పచ్చగా ఉన్నాయి. మా వైపు చిటికెడు తీసుకుని కూరలో వేస్తాం. ఇక్కడ పారలతో ఎత్తుతున్నారు.

"కొత్తగొచ్చినవా అక్కా?" అన్నాడు ఆటో అతను, అద్దంలో నన్ను చూస్తూ. "మాకైతె గీ గాలి తగలకుంటె ఆకలే గాదు."

బస్టాండు దగ్గర దింపి, చాయ్ తాగకుండా పోవద్దని చెప్పి మరీ వెళ్లాడు. చిక్కటి చాయ్ పదిహేను రూపాయలు, సాసర్లో ఉప్పు తీపి బిస్కెట్. మా ఊళ్లో టీ నిలబడి తాగేసి గ్లాసు పెట్టేసి పోతాం. ఇక్కడ కూర్చుంటారు. నా ఎదుట కూర్చున్న ముసలాయన బిస్కెట్‌ను చాయ్‌లో ముంచి, విరిగిపడకుండా నోటిదాకా తెచ్చుకోవడం చూసి నేనూ ప్రయత్నించాను. నాది విరిగి అడుగున మునిగింది. ఆయన తన చెంచా నా వైపు జరిపాడు.

నా ఒళ్లో టిఫిన్ క్యారియర్ అంత పెట్టె ఉంది. మేం దాన్ని మాటల పెట్టె అంటాం. ఎవరైనా మాట్లాడితే విని, ఆ మాటల్ని తెలుగు అక్షరాల్లో తెర మీద చూపిస్తుంది. నేను బాపట్లలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. మా చర్చి సంఘంలో చెవులు వినబడని పెద్దలు ఆదివారం పూట ఊరికే కూర్చుని వెళ్లిపోవడం చూడలేక, నేనూ మరో ఇద్దరు స్నేహితులూ కలిసి దీన్ని తయారుచేశాం. దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు. అందుకే ఫోన్ సిగ్నల్ సరిగా అందని ఊళ్లలోని చర్చి గుళ్లకు కూడా పంపుతున్నాం.

అలా ఎడపల్లి దగ్గరి ఒక చిన్న మెథడిస్టు సంఘానికి పంపిన పెట్టె తిరిగి వచ్చింది. ఒకరు మాట్లాడితే అంతకుముందు ఇంకొకరు అన్న మాట చూపిస్తోందట. మేం ఎంత పరీక్షించినా తప్పు కనబడలేదు. అప్పుడు అక్కడి పాస్టరయ్య ఫోన్ చేశారు.

"అమ్మా, శనివారం మా సుగుణ పెండ్లి. శ్రమల దినాలు మొదలైతె మల్ల ఈస్టర్ దాక పెండ్లిళ్లు చెయ్యం. ఆ బిడ్డకు చెవులు వినవడయి. పెట్టె లేంది పెండ్లి పీట ఎక్కనంటుంది. మీరే రావాలె."

ప్రమాణాలు పుస్తకంలో అచ్చువేసే ఉంటాయి కదా, చూసి చదవొచ్చు కదా అన్నాను. అప్పుడాయన తమ సంఘం ఆచారం ఒకటి చెప్పారు. ప్రమాణాలకు ముందు సంఘంలో ఎవరైనా సరే లేచి, పెండ్లికొడుకునూ పెండ్లికూతురినీ ఒక ప్రశ్న అడగొచ్చు. వాళ్లు అందరిముందు జవాబు చెప్పాలి. సంఘం అడుగుడు అంటారు దాన్ని. ఆ ప్రశ్నలు ఏ పుస్తకంలోనూ ఉండవు. మా వైపు పెళ్లికూతురు తల ఎత్తదు, ప్రమాణం కూడా పక్కవాళ్లకు వినబడనంత మెల్లగా చెబుతుంది. ఈ ఆచారం వినగానే నాకు నచ్చింది. ప్రార్థన చేసుకుని బయల్దేరాను.

బోధన్: దిగాల్సిన చోట దిగకుండా

బస్సులో కండక్టర్ పెట్టె మీద చెయ్యి వేసి చూశాడు. గాలి కోసం పక్కన చిన్న చిన్న రంధ్రాలు పెట్టాం.

"అండ్ల కోడా అక్కా? కోడికి సుత టికెట్ గొట్టాలె."

"కోడి కాదండీ, కంప్యూటర్."

"కూస్తదా?"

"మనం కూస్తే రాస్తుంది" అన్నాను. బస్సంతా నవ్వింది. పెట్టెకు టికెట్ కొట్టలేదు.

రెండు పక్కలా చెరుకు. కొన్ని చేలల్లో కోత అయిపోయి ఆకు కాలుస్తున్నారు. ఆ పొగలో కాస్త తీపి ఉంటుంది. ఆ తీపి పొగకే కాబోలు కునుకు పట్టింది. ఎడపల్లిలో దిగాల్సినదాన్ని కళ్లు తెరిచేసరికి బోధన్‌లో ఉన్నాను. ఇళ్ల పైనుంచి మూతబడిన చక్కెర ఫ్యాక్టరీ గొట్టం కనబడుతోంది, పొగ లేకుండా. ఒకప్పుడు దాని కూతను బట్టి ఊరు లేచేదట. ఇప్పుడు ఆ మాట చెప్పేవాళ్లు గొట్టం వైపు చూడకుండా చెబుతారు.

పాస్టరయ్యకు ఫోన్ చేస్తే, అక్కడే ఉండు, పెండ్లికొడుకే వచ్చి తీసుకొస్తాడన్నారు. పెండ్లికొడుకు ప్రభాకర్ బోధన్‌లోనే ఆటో నడుపుతాడు. అతను వచ్చేదాకా బజారు తిరిగాను. సగం తెలుగు, సగం మరాఠీ, రెంటి మధ్యా ఉర్దూ. "ఘ్యా తాయీ, గూళ్ ఘ్యా" అంటూ ఒకామె నా చేతిలో బెల్లం ముక్క పెట్టింది. తిన్నాక కొనకుండా ఎలా వస్తాం? కొన్న బెల్లాన్ని పెట్టె ఉన్న సంచిలోనే వేసుకున్నాను. దాని ఫలితం మర్నాడు తెలిసింది.

ప్రభాకర్ సన్నగా, ఎప్పుడూ తొందరలో ఉన్నట్టుండే మనిషి. దారి పొడుగునా ఒకటే మాట. "అక్కా, మంచిగ జెయ్యి. ఆమె ఒక్కపారి వద్దన్నదంటె వద్దే. నాకు ఎర్కే."

ఎడపల్లి దగ్గరి ఊరు: సుగుణ ఇల్లు

సుగుణ కుట్టుమిషన్ ముందు కూర్చుని తన పెండ్లి జాకెట్ తనే కుట్టుకుంటోంది. చిన్నప్పుడు వచ్చిన జ్వరంతో చెవులు పోయాయి. అప్పటికే బడికి పోతోంది కాబట్టి మాట, చదువు నిలిచాయి. తన గొంతు తనకు వినబడదు కనుక కాస్త గట్టిగా మాట్లాడుతుంది. ఎదుటివాళ్ల పెదవులు చూసి కొంత పట్టుకుంటుంది, మెల్లగా మాట్లాడితే.

నన్ను మంచం మీద కూర్చోబెట్టి, జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టి, ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పింది. ప్రధానం రోజున, అంటే నిశ్చితార్థం నాడు, పెద్దలు ఏదో అడిగారు. మేనత్త కమలమ్మ పక్కన కూర్చుని మోచేత్తో పొడిచింది. పొడిస్తే తల ఊపాలని అర్థం. సుగుణ ఊపింది. పెండ్లయ్యాక మిషన్ మానేస్తావా అన్నది ఆ ప్రశ్న అని నాలుగు రోజుల తర్వాత తెలిసింది.

"నేను ఒప్పుకున్ననట! ఊరంత ఎర్క, నాకు దప్ప!" అంది. "ఈపారి సదివినంకనే జెప్త. దేవుని ముంగట ఎవ్వలు పొడిస్తె నేను తల ఊప."

కమలమ్మ గడపలోంచే అందుకుంది. "ఎవలు అడిగినా మనిషి తల ఊపుతది గదనమ్మా. ఊపకుంటె పెండ్లెట్లయితది? నా పెండ్లికి నన్ను సుత పొడిసిన్రు."

"మామ మంచోడు, బతికిపోయినవ్" అంది సుగుణ, ఆమె పెదవులు చదివి.

వాళ్ల నాన్న శాంతయ్య ఈ మాటలన్నీ అవుతున్నంతసేపూ వాకిట్లో గడ్డపార నూరుకుంటున్నాడు. కాలువ కింద కౌలుకు చెరుకు వేస్తాడు. మాట్లాడటం చాలా తక్కువ. పెద్ద మీసం, దాని కింద పెదవులు కనబడవు కనుక కూతురికి ఆయన మాట పట్టుకోవడం అందరికంటే కష్టం. చివరికి లోపలికొచ్చి పెట్టె వైపు చూసి అన్నాడు.

"నాకు సదువు రాదు బిడ్డా. అండ్ల ఏం రాస్తదో నాకేం ఎర్క? అడిగింది ఒకటి, రాసింది ఒకటైతె నా బిడ్డ దేవుని ముంగట తప్పు జెప్తది. గా మోచెయ్యే నయం. అదన్న మనింటోళ్లది."

అక్షరం రాని తండ్రిని, కూతురి చెవి స్థానంలో ఒక పెట్టెను కూర్చోబెట్టి నమ్మమంటున్నాం. ఇదివరకే అది అబద్ధం చెప్పింది కూడా.

గృహ ప్రార్థన: చీమలూ, చిన్న మాటలూ

మర్నాడు పొద్దున సంచి తెరిస్తే ఎర్ర చీమలు. బెల్లం సంగతి ముగించి, రంధ్రాల్లోంచి పెట్టెలోకీ వెళ్లాయి. చెరుకు దేశం చీమలు తీపి ఎక్కడున్నా వదలవు. మధ్యాహ్నం దాకా విప్పి, ఊది, మెత్తని కుంచెతో తుడిచాను. పోయిన నెల చేసిన తప్పు కూడా వీటిదేనేమో, ఇక బాగైపోతుంది అనుకున్నాను.

పొద్దు గూకే వేళ శాంతయ్య ఇంట్లోనే ప్రార్థన. చాపల మీద ఒకవైపు ఆడవాళ్లు, ఒకవైపు మగవాళ్లు. సుగుణ తెర ముందు. పాస్టరయ్య వాక్యం చదివి వివరిస్తుంటే పెట్టె చక్కగా రాసింది. నా గుండె తేలికపడింది. తర్వాత ప్రార్థన మొదలైంది. అక్కడి ప్రార్థన మా ప్రార్థనలాంటిది కాదు. పాస్టరయ్య ఒక ముక్క అంటారు, ఆగుతారు. సంఘం "ఔ ప్రభువా" అంటుంది. ఇంకో ముక్క. "ఔ ప్రభువా." కాలువలో నీళ్లు తూములోంచి దూకి ఆగి దూకినట్టుంటుంది, వింటే ఒళ్లు పులకరిస్తుంది.

"పంటను కాయుము" అన్నారు పాస్టరయ్య. తెర మీద, అంతకుముందు ఒకామె చెప్పిన సాక్ష్యంలోని వాక్యం వచ్చింది: బర్రె ఈనింది దేవునికి స్తోత్రం. "రోగులను లేపుము" అన్నారు. బర్రె ఈనింది దేవునికి స్తోత్రం. సుగుణ నా వైపు తిరిగి, అందరికీ వినబడేంత గట్టిగా అంది. "అక్కా, బర్రె ఎన్నిపార్లు ఈంతది?"

ప్రార్థన ఆగిపోయింది. పాస్టరయ్య కూడా నవ్వారు. శాంతయ్య నవ్వలేదు.

పాట పాడుతున్నప్పుడు నేను కూర్చుని తెరనే చూశాను. పొడుగ్గా మాట్లాడినవాళ్ల మాటలన్నీ సరిగ్గా ఉన్నాయి. పొట్టి మాటలన్నీ తప్పు. అప్పుడు గుర్తొచ్చింది. ఈ పెట్టెను మేం మా సంఘం అయ్యగారి ప్రసంగాలతోనే పరీక్షించాం. ఆయన ఒకసారి మొదలుపెడితే మధ్యలో ఊపిరి కూడా తీసుకోరు, ఆమెన్ అనడానికి మాకు సందివ్వరు. అంత పొడుగు మాటల్లో ఈ జబ్బు బయటపడదు.

ఎందుకు పడదో చెప్పాలంటే పెట్టె లోపలికి రావాలి. అందులో ఇద్దరు పనివాళ్లున్నారు. ఒకటి ప్రాసెసర్, అన్ని పనులూ చేస్తుంది, మైకులోంచి శబ్దాన్ని తీసుకుంటుంది. రెండోది ఒక ప్రత్యేకమైన చిప్, శబ్దాన్ని అక్షరాలుగా మార్చడం తప్ప ఇంకేమీ రాదు, కానీ ఆ ఒక్క పనిలో చాలా చురుకు. మా పాత పెట్టెల్లో ఎవరి మెమరీ వారిదే. ప్రాసెసర్ శబ్దాన్ని తన దగ్గర పెట్టుకుని, దానికి నకలు తీసి చిప్‌కు పంపేది. చిప్ అక్షరాలు చేసి మళ్లీ నకలు పంపేది. ఈ మోతలోనే ఆలస్యమై, ప్రసంగం ఒక చోట, అక్షరాలు ఒక చోట ఉండేవి. ఈ ఏడాది చేసిన పెట్టెల్లో ఇద్దరికీ కలిపి ఒకటే మెమరీ, ఒకటే అడ్రసులు. ఫలానా అడ్రసులో మాట పెట్టాను, చూసుకో అని ప్రాసెసర్ అంటే చాలు. చిప్‌కు కూడా ఆ అడ్రసు అదే చోటు. మోత లేదు, నకలు లేదు. బైబిల్లో మొదటి సంఘంవాళ్లు తమకున్నదంతా ఉమ్మడిగా పెట్టుకున్నారని చదివిన మనకు ఇలాంటివి చూస్తే సంతోషం కలుగుతుంది. నాకైతే కలిగింది.

కానీ ప్రాసెసర్‌కు ఒక అలవాటుంది. వేగం కోసం, అప్పుడే రాసినదాన్ని పక్కనే ఉన్న తన సొంత చిన్న మెమరీలో ఉంచుకుని, అది నిండాక ఉమ్మడి దాంట్లోకి వదులుతుంది. పొడుగు మాటైతే అది నిండి, పొర్లి, ఉమ్మడిలోకి చేరిపోతుంది. పొట్టి మాట ప్రాసెసర్ ఒళ్లోనే ఉండిపోతుంది. చిప్ తనకు చెప్పిన అడ్రసుకే వెళ్తుంది, అక్కడ పాత మాట ఉంటుంది, దాన్నే నమ్మి రాస్తుంది. చిప్‌ను పిలిచే ముందు ఒళ్లో ఉన్నదంతా ఉమ్మడిలో పెట్టేయమని ప్రోగ్రాములో ఆజ్ఞ రాయాలి. మా బోర్డులో అది దానంతట అది జరగదు. చాలాచోట్ల రాశాం, ఒకచోట రాయలేదు. అంతా ఉమ్మడిలో పెట్టామని చెప్పి కొంత వెనక దాచుకున్న భార్యాభర్తలు దేవుని శిక్షకు పడి చనిపోయిన కథ ఆదివారం బడిలో విని వణికిపోయేదాన్ని. నా ప్రాసెసర్ సరిగ్గా ఆ దాచుకునే పనే చేస్తోంది.

క్యాంపు: కారం డబ్బా

ఆ ఊళ్లో కరెంటు వస్తూ పోతూ ఉంది. పాస్టరయ్య నన్ను దగ్గర్లోని క్యాంపుకు పంపారు. నిజాంసాగర్ కాలువ కింద భూములు కొనుక్కుని తాతలనాడు మా వైపు నుంచి వచ్చిన రైతుల పల్లెలను ఇక్కడ క్యాంపులంటారు. సుబ్బారావు గారింట్లో ఇన్వర్టర్ ఉంది.

"బాపట్లా? మాది పొన్నూరు పక్కేనమ్మా" అన్నారాయన, నిన్ననే వచ్చినట్టు. ఆయన పుట్టింది ఇక్కడే. పొన్నూరు పక్క ఊరిని చూసింది రెండుసార్లట. దేవుడి గదిలో దీపం వెలుగుతోంది. నేను చర్చి పని మీద వచ్చానని తెలిసి కూడా వాళ్లు నాకు ఇంట్లో అన్నిటికంటే మంచి బల్ల ఇచ్చారు. "శాంతయ్య మా పొలంలో ఎన్ని ఏళ్ల నుంచో ఉన్నాడు. వాడి కూతురి పెళ్లి మా ఇంటి పెళ్లే."

కూర్చున్నాను. తప్పు తెలిశాక దిద్దడం పెద్ద పని కాదు. ఆ ఆజ్ఞ రాసి, పొట్టి మాటలతో పరీక్షించాను. రా. పో. ఔ ప్రభువా. అన్నీ సరిగ్గా, ఎప్పటివి అప్పుడే వచ్చాయి. కళ్లు మూసుకుని దేవుణ్ణి స్తుతించాను.

భోజనానికి పోచంపాడ్ చేపల పులుసు. సుబ్బారావు గారు ఒక ముద్ద తిని ఆగారు.

"సరోజినీ, ఇది పోయినేడు కారం కదూ?"

"రెండో అరలో మూడో డబ్బాలోదే వేశాను. కొత్త కారం పొద్దున కోడలు ఆడించిందిగా" అన్నారు సరోజినమ్మ గారు.

కోడలు లత నాలుక కరుచుకుంది. "ఆడించాను అత్తయ్యా... ఇంకా మిక్సీ జార్లోనే ఉంది. డబ్బాలో పొయ్యలేదు."

"మరి కారం రెడీ అని కేకేశావ్?"

"రెడీయే కదా! జార్లో!"

నాకు పొలమారింది. వాళ్లు కంగారుపడి నీళ్లిచ్చారు. ఈ ఇంట్లో అత్తకూ కోడలికీ ఒకటే వంటగది, అరలూ డబ్బాలూ ఇద్దరికీ ఒకే లెక్క. అత్తగారు సరైన డబ్బానే తీశారు. డబ్బాలో ఉన్నది పాతది. నా పెట్టె జబ్బు ఇంతకంటే బాగా నేను ఏ క్లాసులోనూ చెప్పలేదు.

వచ్చేటప్పుడు సుబ్బారావు గారు గోడకున్న టీవీ దింపించారు, గుడిలో అందరికీ తెర కనబడాలని. సరోజినమ్మ గారు గుమ్మం దాకా వచ్చారు. "శనివారం సాయంత్రానికల్లా పంపించండి అమ్మాయ్. ఆ సీరియల్లో ఇప్పుడే వాడి నిజం బయటపడబోతోంది."

శాంతయ్య పరీక్ష

శాంతయ్యకు కారం కథ చెప్పాను. ఆయన విని, "డబ్బల పోసినంకనే పిలువాలె గద" అన్నాడు. అంతే, అర్థమైంది. కానీ అర్థమవడం వేరు, నమ్మడం వేరు.

"నేను సదవలేను గదమ్మా. మంచిగైందని నాకెట్ల ఎర్క?"

అప్పుడు సుగుణను ఆయనకు వీపు చేసి, తెర వైపు తిప్పి కూర్చోబెట్టాను. మీసం కాదు కదా, మనిషే కనబడడు. మీకు తోచింది చెప్పండి, ఆమె ఏం చేస్తుందో చూడండి అన్నాను.

ఆయన చాలాసేపు ఆలోచించాడు. చివరికి మెల్లగా, "నీళ్లు తే" అన్నాడు.

సుగుణ లేచి, చెంబుతో నీళ్లు తెచ్చి, చేతికిచ్చి, వెళ్లి మళ్లీ అటు తిరిగి కూర్చుంది. శాంతయ్య ఆ నీళ్లు తాగలేదు. చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"కోడిని ఎల్లగొట్టు." గంప మీద ఎక్కిన కోడిని అదిలించింది.

"దీపమెయ్." స్విచ్ వేసింది.

"ఆర్పు." ఆర్పింది.

"మల్లెయ్."

"బాపూ, బల్బు వోతది!" అంది వెనక్కి తిరగకుండానే.

కమలమ్మ పకపకా నవ్వింది. శాంతయ్య గొంతు ఇంకా తగ్గించి, "తిన్నవా?" అన్నాడు.

సుగుణ ఈసారి లేవలేదు. తెర వైపే చూస్తూ ఉండిపోయింది. "తిన్న బాపూ" అంది. "నువ్ తిన్లె."

ఎన్నేళ్ల తర్వాత ఆయన అడిగింది ఆమెకు సైగ లేకుండా చేరిందో నాకు తెలియదు, నేను అడగలేదు. శాంతయ్య చెంబు గుమ్మం దగ్గర పెట్టి, "పెట్టె రానియ్యి గుడికి" అని బయటికి వెళ్లిపోయాడు.

శనివారం: సంఘం అడుగుడు

గుడి చిన్నది, రేకుల కప్పు. బయట గుండిగల్లో బగారన్నం, మటన్ ఉడుకుతున్నాయి. మా వైపు పెళ్లికి ముందు వడ్డించేవాళ్లు చాలా తక్కువ. ఇక్కడ ఆకలితో ఎవరూ దీవించరు, ముందే కొంతమంది తినేసి చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నారు. బలిపీఠం పక్కన టీవీ. పెట్టెను నేను ఒళ్లో పెట్టుకుని మొదటి చాప మీద కూర్చున్నాను. సుబ్బారావు గారి కుటుంబం కూడా చివరి వరసలో ఉంది.

పాస్టరయ్య వాక్యోపదేశం అయ్యాక, "సంఘం అడుగుండ్రి" అన్నారు.

ఒక ముసలాయన లేచాడు. "పొద్దుగాల చాయ్ ఎవలు పెడ్తరు?"

తెర మీద అదే వచ్చింది, అక్షరం పొల్లుపోకుండా. సుగుణ చదివి ప్రభాకర్ వైపు చూసింది. "ముందుగాల లేసినోళ్లు" అన్నాడతను.

"గట్లయితె రోజు ఈమెనే" అని ఎవరో అన్నారు. అదీ వచ్చింది తెర మీద. సుగుణ చదివి నవ్వింది, అందరితో పాటే. ఆమె చుట్టాలు కొందరు ఆ నవ్వునే చూస్తున్నారు. ఇన్నాళ్లూ ఆమె అందరూ నవ్వాక నవ్వేది.

తర్వాత ప్రభాకర్ పెద్దమ్మ లేచింది. ప్రధానం రోజు అడిగింది ఈమేనట. "ఆనాడు ఒప్పుకున్నవు గద. మిషిను బంద్ జేస్తవా?"

కమలమ్మ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సుగుణ చదివింది. మళ్లీ చదివింది.

"జెయ్య" అంది.

పెద్దమ్మ ప్రభాకర్‌ను చూసింది. అతను పాస్టరయ్యను చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని, "నా అంగి గుండీలు ఎవలు కుడ్తరు మల్ల? ఉండనియ్ పెద్దమ్మా" అన్నాడు. పెద్దమ్మ కూర్చుంది. మరీ కోపంగా ఏమీ లేదు. అడగాల్సింది అడిగింది, వినాల్సింది వింది.

ఇక ప్రమాణాలకు పోదామని పాస్టరయ్య పుస్తకం తెరిచారు. సుగుణ చెయ్యి ఎత్తింది.

"నేను సుత అడుగొచ్చా?"

పెండ్లికూతురు సంఘాన్ని అడగడం ఆ గుడిలో ఎప్పుడూ జరగలేదు. పాస్టరయ్య పెద్దల వైపు చూశారు. వాళ్లు పైకప్పు వైపు చూశారు. వద్దని మాత్రం ఎవరూ అనలేదు.

"గీ పెట్టె గుడిల ఉంటది. ఆదివారం మీరేమంటున్నరో నాకు ఎర్కయితది" అంది సుగుణ, ఆ గట్టి గొంతుతో. "సోమారం నుంచి? ఇంట్ల, బజార్ల, బాయికాడ? మీరు నవ్వుకున్నది నాకెవలు రాసి సూపెడ్తరు?"

ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. నేను రాస్త, మేం రాస్తం, ఫోన్ల రాస్తం, నా బిడ్డ రాస్తది. అన్ని గొంతులు కలిసేసరికి పెట్టె తికమకపడింది. తెర మీద చుక్కలు తప్ప ఏమీ లేవు. నేను కంగారుపడి మీట కోసం వెతుకుతుంటే సుగుణ నా భుజం మీద చెయ్యి వేసి ఆపింది. ఆమె తెరను చూడటం లేదు. చాపల మీద లేచిన చేతులను చూస్తోంది. ప్రభాకర్ ఆటో నడిపే రెండు చేతులూ ఎత్తేశాడు. చివరి వరసలో లత కూడా ఎత్తింది.

మెల్లగా సద్దుమణిగింది. శాంతయ్య చెయ్యి ఎత్తలేదు. గోడకు ఆనుకుని, తలపాగా విప్పి చేతిలో నలుపుతున్నాడు. కూతురు ఆయన వైపే చూస్తోందని అందరికీ తెలిసింది. ఆయన లేచి నిలబడ్డాడు. ఏదో అన్నాడు, నాకే సరిగా వినబడలేదు. నేను కూడా తెర వైపే చూడాల్సి వచ్చింది.

నేను సదువు నేర్సుకుంట బిడ్డా.

ఆలస్యం లేదు. పాత మాట లేదు. ఆయన పెదవులు మూసేలోగా ఆ అక్షరాలు వచ్చేశాయి, గుడిలో చదువొచ్చినవాళ్లంతా పైకి చదివారు, రానివాళ్లు వాళ్లను అడిగారు. ఆ అక్షరాలను చదవలేనివాళ్లలో శాంతయ్య కూడా ఉన్నాడు. తను అన్నది అక్కడ ఉందో లేదో ఆయన తెరలో చూడలేదు, బిడ్డ ముఖంలో చూసుకున్నాడు. చూసి కూర్చున్నాడు.

సుగుణ కొంగుతో ముఖం తుడుచుకుని, బలిపీఠం వైపు తిరిగింది.

"ఇగ అడుగుండ్రి పాస్టరయ్యా" అంది. "నేను జెప్త."